ఎండకూ గాలివానకూ కలిపి ఒకే ప్రణాళిక రాయండి: నివాస సముదాయాల నిర్వాహక సంఘాలకు బహిరంగ లేఖ

అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, వృద్ధాశ్రమాల నిర్వాహక సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులకు,

నమస్కారం.

మాలో కొందరం భవనాల కరెంటు పనులు, నిర్వహణ చూస్తాం. కొందరం అత్యవసర వైద్యంలో ఉన్నాం. వడగాలుల గురించి అధికారులు హెచ్చరిస్తారు, ఉరుములూ పిడుగుల గురించి వాతావరణ కేంద్రాలు ముందుగా చెబుతాయి. కానీ డాబా తాళం, జనరేటర్ గది తాళం, లిఫ్టు స్విచ్చి, వాచ్‌మన్ డ్యూటీ చార్టు మీ చేతుల్లో ఉంటాయి. ఎండ మండిపోయిన రోజు రాత్రి గాలివాన విరుచుకుపడితే ఎవరికి ఏమవుతుందనేది చాలావరకు వాటి మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం.

చాలా సముదాయాల్లో ఎండాకాలానికి ఒక జాగ్రత్తల కాగితం, వానాకాలానికి ఇంకొకటి ఉంటాయి. విడివిడిగా చూస్తే రెండూ సరైనవే. ఒకే రోజు రెండూ అవసరమైనప్పుడు మాత్రం ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. పగలు నీడ కోసం కట్టిన షేడ్ నెట్ రాత్రి ఈదురుగాలికి తెరచాప అవుతుంది. స్లాబు చల్లబడాలని పరిచిన గోనెసంచులు కొట్టుకుపోయి వాననీరు దిగే గొట్టాలకు అడ్డం పడతాయి. రాత్రి గాలి ఆడాలని తెరిచిన కిటికీలను జల్లు కొడుతోందని మూసేస్తారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగుతుంది. పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఆ రోజు మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం అదే. మేం కోరేది ఒక్కటే: మధ్యాహ్నం నుంచి మర్నాడు తెల్లవారేదాకా నడిచే ఒకే ప్రణాళిక రాయండి.

ముందుగా, రాత్రి ఎందుకంత కీలకమో చెప్పాలి. 15 సెంటీమీటర్ల మందమున్న కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 360 కిలోలు ఉంటుంది. పైన తగిలిన వేడి అడుగు దాకా దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. బయట సాయంత్రానికే ఎండ తగ్గినా, పై అంతస్తు వాళ్ల నెత్తి మీది స్లాబు రాత్రి చాలాసేపు లోపలికి వేడిని కక్కుతూనే ఉంటుంది. 1995 జులైలో షికాగోను తాకిన వడగాలుల్లో 700 మందికి పైగా చనిపోయారు. తర్వాత జరిగిన పరిశీలనల్లో ఒంటరిగా ఉండేవాళ్లకు, పై అంతస్తుల్లో ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. గది ఉష్ణోగ్రత పగలు 32 డిగ్రీల లోపు, రాత్రి 24 డిగ్రీల లోపు ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ 24 చాలా భవనాల్లో అందదని మాకు తెలుసు. పగలంతా కష్టపడ్డ గుండెకు తేరుకునే వ్యవధి రాత్రే కాబట్టి, తగ్గించగలిగిన ప్రతి డిగ్రీ లెక్కలోకి వస్తుంది.

ఇక వాన పడగానే గండం గడిచిందనుకోవడం పెద్ద పొరపాటు. క్యుములోనింబస్ మేఘం (ఉరుములు, పిడుగులు తెచ్చే ఎత్తైన మేఘం) నుంచి కిందికి జారే చల్లగాలి బయటి ఉష్ణోగ్రతను నిమిషాల్లోనే బాగా తగ్గించవచ్చు. మూసిన గదిలో గోడలు, స్లాబు మాత్రం అంతే వేడిగా ఉంటాయి. పైగా తేమ పెరుగుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట వల్ల దాదాపు ప్రయోజనం ఉండదు, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గడం తప్ప. గాలివాన తర్వాత కరెంటు లేని మూసిన గదిలో జరిగేది ఇదే. కాబట్టి పెద్దవాళ్లను చూసి రావడం వాన పడగానే ఆపకండి, అప్పుడే ఇంకోసారి వెళ్లండి.

కూలర్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. పొడి వేడిలో అవి బాగా పనిచేస్తాయి. వాన పడి గాలిలో తేమ నిండాక పంపు నడిపితే ఉక్కపోత పెంచడమే అవుతుంది. పంపు ఆపి, ఫ్యాను మాత్రమే నడపమని ప్రతి ఇంటికీ చెప్పండి. ఫ్యానుకూ హద్దుంది: గది గాలి 40 డిగ్రీలు దాటితే అది ఒంటికి వేడిని చేరవేస్తుంది. అప్పుడు చర్మాన్ని, బట్టలను తడుపుకోవాలి, వీలైతే చల్లటి గదికి మారాలి.

కిటికీల విషయంలో ఒక్కో ఇంటికీ ముందే సమాధానం ఉండాలి. సజ్జా లోతుగా ఉన్నవి, గాలి కొట్టే వైపుకు ఎదుటి గోడలో ఉన్నవి, పైన ఉన్న వెంటిలేటర్లు చాలా వానల్లో తెరిచే ఉంచవచ్చు. ఎదురెదురు గోడల్లో చెరొకటి తెరిచి ఉంటే గాలి ఆడుతుంది, ఒకవైపు రెండు తెరిచినా అంత ఆడదు. మెట్ల గది పైభాగంలో జల్లు పడకుండా వాలుగా పలకలు అమర్చిన వెంటిలేటర్ పెట్టిస్తే పైకి చేరిన వేడిగాలి రాత్రంతా బయటికి పోతుంది, వానకు దాన్ని మూయాల్సిన పనిలేదు. మేం చూసిన మార్పుల్లో ఖర్చుకు తగిన ఫలితం బాగా ఇచ్చేది ఇదే. గాలివాన వెలిశాక బయటి గాలి ఆ రోజంతటిలోకీ చల్లగా ఉండే అవకాశం ఎక్కువ. చాలామంది అప్పటికే కిటికీలు బిగించి పడుకుని ఉంటారు. వాన తగ్గిందని, కిటికీలు తెరవమని అందరికీ చెప్పే బాధ్యత రాత్రి డ్యూటీలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

డాబా దగ్గర ఎక్కువ సేపు ఆగుతాం, ఎందుకంటే ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి. పాతబడిన కాంక్రీటు మీద పడే ఎండలో దాదాపు మూడో వంతు కూడా వెనక్కి పోదు. శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్చి, రెండు పూతలు వేసిన తెల్లటి కోటింగ్ కొత్తలో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఉత్త సున్నం తొలి గాలివానకే చాలావరకు కడుక్కుపోతుంది. వానలకు ఆగే బయటి పూతనే వాడండి, ఎండలు ముదరకముందే, పొద్దున్నే వేయించండి. కాలిన స్లాబు మీద వేసిన పూత తడి తొందరగా ఆరిపోయి పొరలుగా లేస్తుంది. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు కాబట్టి ఏటా కడిగించాలి.

నీటికి కొరత లేని చోట పొద్దు వాలాక స్లాబు మీద పలచగా నీళ్లు చల్లించవచ్చు. చదరపు మీటరుకు ఒక లీటరు ఆవిరైతే, ఆ స్లాబు భాగం 7 డిగ్రీలు చల్లబడటానికి సరిపడా వేడి పోతుంది. అందులో కొంత గాలి నుంచీ వస్తుంది కనుక అసలు తగ్గుదల అంతకన్నా తక్కువే, అయినా తేడా తెలుస్తుంది. నీళ్లు నిలవగట్టనక్కర్లేదు. గోనెసంచులు పరిచేటట్టయితే చీకటి పడేలోగా తీసేయాలి.

ఎందుకంటే 300 చదరపు మీటర్ల డాబా మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే చేరే నీళ్లు 15,000 లీటర్లు. గొట్టాల నోళ్లు మూసుకుపోతే ప్రతి చదరపు మీటరు మీదా 50 కిలోల బరువు నిలుస్తుంది, ఆ నీరు మెట్ల గది గుమ్మం దాటి లిఫ్టు గోతిలోకి దిగుతుంది. నోళ్లకు చదునైన జాలీ కాకుండా బుట్టలా పైకి లేచిన జాలీ పెట్టించండి. చదునైన దాన్ని నాలుగు ఆకులు కప్పేస్తాయి. పిట్టగోడలో, డాబా మట్టానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తున, అదనపు తూము ఒకటైనా ఉండాలి. గొట్టం మూసుకుపోయిన రాత్రి కాపాడేది అదే.

షేడ్ నెట్లు, టార్పాలిన్లు, రేకుల విషయంలో లెక్క తెలిస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి తనకు అడ్డంగా ఉన్న ప్రతి చదరపు మీటరునూ సుమారు 38 కిలోల బరువుతో నెడుతుంది. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవున్న టార్పాలిన్‌కు అది 450 కిలోలు దాటుతుంది. నెట్‌కు కన్నాలుంటాయి కనుక కొంత తగ్గుతుంది, కానీ దాన్ని కట్టిన ఇనుప గొట్టాన్ని పెకలించడానికి ఆ మిగిలింది చాలు. ఒక అంచును గొట్టానికి శాశ్వతంగా బిగించి, మిగిలిన మూడు అంచులకూ కొక్కేలు పెట్టించండి. ఒక మనిషి కొద్ది నిమిషాల్లో విప్పి చుట్టగలగాలి. నైలాన్ తాడుతో వేసిన బిగుతు ముడి గాలి మొదలయ్యాక ఊడదు.

విప్పే వేళ కూడా రాసి పెట్టండి. మబ్బు పట్టాక కాదు, రోజూ పొద్దు గూకేలోపు. గాలివాన ముందు భాగంలోని ఈదురుగాలి వాన కన్నా చాలా ముందే, ఉన్నట్టుండి వస్తుంది. పిడుగు వాన పడుతున్న చోటికి 10 కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. అంటే ఉరుము వినబడితే చాలు, డాబా మీద ఉన్న మనిషి అప్పటికే పిడుగు అందుకోగల దూరంలో ఉన్నట్టు. ఉరుము విన్నాక నెట్ విప్పడానికో, ట్యాంకు మూత పెట్టడానికో ఎవరినీ పైకి పంపకండి. రేకు ఎగిరిపోతే పోనివ్వండి. సాయంత్రపు రౌండులోనే నెట్లు, గోనెసంచులు, ట్యాంకు మూతలు, పిట్టగోడ మీది పూలకుండీలు, విడి రేకులు, నీరు దిగే నోళ్లు అన్నీ చూసి డాబా తాళం వేసేయాలి. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడే దాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్ల లోపు వినబడితే అందరూ లోపల ఉండాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా డాబా, ఈతకొలను, ఆటస్థలం తెరవకూడదు.

ఈ నియమం మీ వాచ్‌మన్లకూ వర్తించాలి. గేటు దగ్గరి రేకుల గది పగలు కాలిపోతుంది. పక్కలు తెరిచి ఉన్న షెడ్డు గానీ, చెట్టు నీడ గానీ పిడుగు నుంచి రక్షణ ఇవ్వవు. పగలు ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగే వీలు, గంటకోసారి నీడలో విశ్రాంతి, ఉరుములప్పుడు భవనం లోపల కూర్చునే హక్కు వాళ్లకు డ్యూటీ చార్టులోనే రాసి ఇవ్వండి. మాటల్లో ఇచ్చిన అనుమతిని వాడుకోవడానికి వాళ్లు జంకుతారు. కొత్తగా చేరినవాళ్ల ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నపు పని ఇవ్వకండి.

పిడుగుల కడ్డీ ఉన్న భవనాల్లో చాలావాటికి అది పనిచేస్తోందో లేదో తెలియదు. కడ్డీ నుంచి కిందికి కనీసం రెండు తీగలు వేర్వేరు మూలల్లో దిగాలి, ఎక్కడా పదునైన మలుపు ఉండకూడదు. ఎర్తింగ్ గుంత నిరోధం 10 ఓమ్‌లు మించకూడదు. దాన్ని వానల తర్వాత కాదు, నేల ఎండిపోయిన రోజుల్లో కొలిపించండి, ఎందుకంటే తడి నేల మంచి అంకె చూపిస్తుంది, తొలి పిడుగు పడేది ఎండిన నేల మీద. ఈ మధ్య పైన సోలార్ పలకల చట్రమో, కొత్త యాంటెన్నానో నిలబెట్టి ఉంటే, అది కడ్డీ రక్షణ పరిధిలో ఉందా, భూమికి సరిగా కలిపారా అని నిపుణుడితో చూపించండి. రంగులు వేసేవాళ్లు తీగను తప్పించి మళ్లీ బిగించకపోవడం తరచూ కనబడే లోపం.

కడ్డీ భవనాన్ని కాపాడుతుంది, టీవీలనూ లిఫ్టు బోర్డునూ కాదు. వాటికి మెయిన్ ప్యానెల్‌లో సర్జ్ ప్రొటెక్టర్ (సర్జ్, అంటే తీగల్లో ఒక్కసారిగా ఎగబాకే వోల్టేజీ, దాన్ని అడ్డుకునే పరికరం) కావాలి. ఇక్కడ ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే తప్పు పొడవాటి తీగతో కలపడం. సర్జ్ వచ్చినప్పుడు ప్రతి మీటరు తీగా దాదాపు 1,000 వోల్టులు అదనంగా కలపగలదు, ప్రొటెక్టర్ ఆపినదంతా అక్కడే వృథా అవుతుంది. ఫేజు వైపు, ఎర్తు వైపు తీగలు రెండూ కలిపి 50 సెంటీమీటర్లు దాటకూడదు. దాని చిన్న కిటికీలో పచ్చ రంగు పోయి ఎరుపు వస్తే ఆయుష్షు అయిపోయినట్టే, మార్చాలి. కూలర్లకు కరెంటిచ్చే సర్క్యూట్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ (కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

కరెంటు పోయిన రాత్రి అందరి ఇళ్లనూ చల్లగా ఉంచలేం. ఒక గదిని ఉంచగలం. సెల్లారు కాకుండా కింది అంతస్తుల్లో ఒక ఉమ్మడి గదిని ఎంచుకోండి, పక్కనే మరుగుదొడ్డి ఉండాలి, రాత్రంతా తలుపు తెరిచి ఉండాలి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. అందులో సగమే వాడుకోవాలి, ఇన్వర్టర్ నష్టం పోను చేతికొచ్చేది 750 దాకా. 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు, 9 వాట్ల బల్బులు మూడు నడిపితే రెండు గంటల పైచిలుకు వస్తుంది. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న) ఫ్యాన్లయితే ఐదు గంటలు. రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చండి. పూర్తిగా వాడిన బ్యాటరీ నిండటానికి 10 గంటల పైనే పడుతుంది, వరుసగా రెండు రాత్రులు కరెంటు పోతే రెండో రాత్రికి సగమే మిగలవచ్చు. వేడి గదిలో పెట్టిన బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగమవుతుంది. ఎండాకాలంలో డిస్టిల్డ్ వాటర్ మట్టం తరచుగా చూడాలి, కుళాయి నీళ్లు పోయకూడదు.

జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. చిన్న జనరేటర్ అయితే ఏ కిటికీకైనా కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ భవనానికి అవతలివైపు పోయేలా ఉండాలి. సెల్లారులో, మెట్ల కింద, వరండాలో ఎప్పుడూ నడపకూడదు. వాన పడుతోందని లోపలికి జరపడంతోనే ప్రాణాలు పోతాయి. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం వడదెబ్బ తొలి దశలోనూ ఉంటాయి, ఈ విషవాయువు పీల్చినా ఉంటాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ముందు అందరినీ బయటికి తెచ్చి, జనరేటర్ ఆపించండి.

కరెంటు తిరిగి వచ్చిన నిమిషంలో ఏసీలన్నీ ఒక్కసారిగా మొదలైతే మళ్లీ బ్రేకర్ పడిపోతుంది. మామూలు కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు నడిచేదానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఐదు నిమిషాలు ఆగి, ఒక్కో అంతస్తుకు కొంత వ్యవధి ఇచ్చి వేసుకునేలా ముందే ఒప్పందం చేసుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకు సాయంత్రానికల్లా నిండి ఉండాలి. సెల్లారులోకి నీళ్లు వస్తుంటే లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయాలి.

చివరిగా మనుషులు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, మంచాన ఉన్నవాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు, గుండె, కిడ్నీ, మానసిక జబ్బులకు మందులు వాడేవాళ్ల జాబితా వాళ్ల అనుమతితోనే రాసుకోండి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు, లిథియం, కొన్ని మానసిక వైద్యం మందులు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి లేదా వేడిలో హాని చేస్తాయి. సొంతంగా మానకుండా డాక్టరును ముందే అడగమనండి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే, కరెంటుతో నడిచే యంత్రం) వాడేవాళ్లకు 300 వాట్లకు పైగా అవసరం పడవచ్చు, మామూలు ఇన్వర్టర్ ఎక్కువసేపు ఆగదు. వాళ్ల దగ్గర నిండు సిలిండర్ ఉందో లేదో సాయంత్రమే చూడాలి. ఫోన్ చేసి బాగున్నారా అంటే బాగున్నామనే అంటారు. తలుపు తట్టి, మొహం చూసి, రెండు మాటలు మాట్లాడించండి. రాత్రి 9 ప్రాంతంలో ఒకసారి, కరెంటు పోయిన గంటలోపు ఇంకోసారి.

మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టున్నా, నడక తూలినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కాబట్టి కాదనుకోవద్దు. అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆగకుండా చల్లబరచడం మొదలుపెట్టండి. గాలివాన రాత్రి చెట్లు పడి దారి మూసుకుపోవచ్చు, ఆ అరగంటే ప్రాణం నిలబెడుతుంది. పనిచేస్తూ పడిపోయిన ఆరోగ్యవంతుడైతే, తల పట్టుకునే మనిషి ఉంటే, మెడ దాకా చల్లటి నీళ్ల తొట్టిలో ఉంచడం మేలు. పెద్దవాళ్లయితే బట్టలు వదులు చేసి ఒళ్లంతా తడుపుతూ గట్టిగా విసరాలి, మెడ, చంకలు, గజ్జల్లో ఐస్ ప్యాకులు పెట్టాలి. కరెంటు లేకపోతే ఇద్దరు దుప్పటి చెరో అంచు పట్టుకుని విసరవచ్చు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, పారాసెటమాల్ దీనికి పనిచేయదు. స్పృహలో ఉండి నీరసించినవాళ్లకు ఓఆర్ఎస్ ఇవ్వండి, పొట్లం మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు సమ చెంచాల పంచదార, అర సమ చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే. ఉప్పు ఎక్కువైతే హాని.

ఎండలు ముదిరేలోగా ఒక రాత్రి 9 నుంచి 10 గంటల దాకా, అందరికీ ముందే చెప్పి, ఆక్సిజన్ యంత్రాల మీద ఉన్నవాళ్లకు వేరే ఏర్పాటు చేసి, ఎవరూ లిఫ్టులో లేరని చూసుకుని, మెయిన్ స్విచ్ ఆపించండి. ఉమ్మడి గదిలో ఫ్యాన్లు నిజంగా తిరిగాయా, జనరేటర్ మొదటిసారికే అందుకుందా, డాబా తాళం ఎవరి దగ్గర దొరికింది, జాబితాలోని చివరి తలుపు తట్టేసరికి ఎంతసేపు పట్టింది, పై అంతస్తు గదిలో థర్మామీటరు ఎంత చూపింది అన్నవి రిజిస్టర్‌లో రాయించండి. తేలిన లోపాల్లో ఏది ఎవరు, ఏ తేదీలోగా సరిచేస్తారో ఆ పక్కనే పేరుతో సహా రాసి, కాపీ నోటీసు బోర్డులో పెట్టండి.

ఇట్లు,
భవన నిర్వహణ, విద్యుత్ పనులు, అత్యవసర వైద్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం